కళ్ళ బండి పలక

గోరింకంత సిగ్గులేని పిట్ట ఈ భూమ్మీద ఇంకోటి లేదని అచ్చమ్మ అనేది. తోటలో మూడు వందల మామిడి చెట్లున్నాయి, వాటి కింద కావలసినంత నేలుంది. అయినా ఆ పిట్టలకి రెట్ట వెయ్యడానికి కళ్ళ బండి నెత్తే కావాలి. కాకులు మాత్రం తక్కువ తిన్నాయా? ఇక కాయల రోజుల్లో గబ్బిలాలైతే మరీ రోత. రాత్రంతా రసాలు పీల్చి, పిప్పి తెచ్చి బండి మీద ఉమ్మి పోయేవి.

"ఛీ, పాడు జన్మలు! మీకింక ఎక్కడా చోటు దొరకలేదా?" అని తిట్టుకుంటూ పొద్దున్నే పనిలోకి దిగేది. కాయలు కోసే చిక్కం కర్రకి చిక్కం ఊడదీసి, దాని బదులు తడిగుడ్డ చుట్టేది. బండి పక్కన కాయల పెట్టె తిరగేసి ఎక్కి, నెత్తిమీది పలకని ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచేది. దిగి, కంపు కొట్టే గుడ్డని బక్కెట్లో పిండి, ముక్కు తిప్పుకుని మళ్ళీ ఎక్కేది. మనిషికి చీదర జాస్తి. అలాంటిది ఏడాది పొడుగునా ఒక్కరోజు మానలేదు.

కళ్ళ బండి అంటే ఇంజను లేని బండి. చక్రాల మీద కట్టిన ఇల్లు లాంటిది. లోపల ఆపరేషను బల్ల, దాని మీద పెద్ద దీపం, గోడలకి అలమార్లు. జీపు వెనక తగిలించి లాక్కెళ్ళాలి. ఎవరో దొరలు సేవాసంఘానికి దానం ఇచ్చారు. ఏడాదికోసారి చలి రోజుల్లో బెజవాడ నుంచి జగదాంబ అనే డాక్టరమ్మ వచ్చి, అందులో పేదవాళ్ళ కళ్ళకి ఆపరేషన్లు చేసేది. మిగతా కాలమంతా అది నూజివీడు పక్కన ఈ తోట మూల, కాయల షెడ్డు వెనక, చెట్టు నీడ పడని చోట, చక్రాల కింద రాళ్ళు పెట్టుకుని పడుండేది.

నీడ పడని చోట ఎందుకంటే, దాని కూడు ఎండ గనక. ఆ సంగతి అచ్చమ్మకి చెప్పినవాడు జీపు డ్రైవరు ఇన్నయ్య. కత్తి కంటి మీద ఉండగా కరెంటు పోతే మనిషి గతేంటి? అందుకని బండి అడుగున రెండు పెద్ద బ్యాటరీలు పెట్టారు. కరెంటు పోయినా వాటితో దీపం వెలుగుతుంది. వాడకుండా ఊరికే పెడితే అవి చస్తాయి. అలా చావకుండా పైన నీలంగా మెరిసే గాజు పలక బిగించారు. ఎండ తగిలితే పలకలో కరెంటు పుట్టి రోజూ కాస్త కాస్త బ్యాటరీల్లోకి దిగుతుంది.

"అత్తా, పలక మీద మురికి పడిందంటే బండికి పస్తే. బండి పస్తుంటే వచ్చే ఏడు నీకు ఆపరేషన్ లేదు. చూసుకో మరి," అన్నాడు ఇన్నయ్య, ఎనభై ఆరు జనవరిలో వెళ్ళిపోతూ.

చూసుకోకేం చేస్తుంది? అచ్చమ్మకి కుడికన్ను చిన్నప్పుడే పోయింది. కాయ తొడిమ విరిస్తే సొన చిమ్మి కంట్లో పడింది. మంటకి గిలగిల్లాడుతుంటే ఎవరో పుణ్యాత్మురాలు ఏదో ఆకు పసరు పోసింది. దాంతో ఉన్న కాస్తా పోయింది. ఒంటికన్నుతోనే నలభై ఏళ్ళు కాయలు ఏరి బతికింది. దెబ్బకాయ, మచ్చకాయ, పురుగు పొడిచిన కాయ, దూరానికి పోయే కాయ, ఊళ్ళో అమ్ముకోవలసిన కాయ, చూడగానే చెప్పేది. ఇప్పుడు ఆ ఎడమకంటికీ శుక్లం దిగింది. పోయిన కాపులో దెబ్బకాయలు మంచికాయల్లో కలిపేసిందని షెడ్డు మేస్త్రి నలుగురిలో నానా మాటలూ అన్నాడు. "వచ్చే కాపుకి చూపుంటే రా, లేకపోతే ఇంట్లో కూర్చో," అన్నాడు. ఇంట్లో కూర్చుంటే కూడెవడు పెడతాడు? మొగుడు పోయి పన్నెండేళ్ళయింది, పిల్లలు లేరు.

కిందటేడు డాక్టరమ్మ కన్ను చూసి, "ఇంకా ముదరలేదు పెద్దమ్మా, ముదిరితేనే తియ్యాలి. వచ్చే ఏడు మొదటి పేరు నీదే రాస్తాను," అంది. ఇన్నయ్య పలక సంగతి చెప్పాక, ఆ పని ఎవరికీ ఇవ్వకండి నేనే చేస్తానని అచ్చమ్మ అడిగి మరీ పుచ్చుకుంది.

బండి తాళాలు, షెడ్డు పక్కన గది, గదిలో బీరువా, ఇవన్నీ సేవాసంఘం గుమాస్తా భానుమూర్తిగారి అధీనం. ఆయన పేరు చెబితేనే అచ్చమ్మకి ఒళ్ళు జలదరించేది. పొడుం పీల్చి ముక్కు చీది, ఆ వేళ్ళు తలుపుకి రాసేవాడు. బండి తలుపు గొళ్ళెం దగ్గర గోధుమరంగు చారలు కట్టి ఉంటే అవి కూడా ఆమే కడిగేది. అది చాలదన్నట్టు ఆయనకి ప్రతి వస్తువూ వాడకుండా దాచే జబ్బు. కొన్న రేడియోకి గుడ్డ తొడుగు కుట్టించి, ఆ తొడుగు మాయకుండా దానికి ఇంకో తొడుగు కుట్టించాడు. కుర్చీకి వచ్చిన ప్లాస్టిక్ కాగితం ఆరేళ్ళయినా చింపలేదు, కూర్చుంటే కరకరమనేది. మంచి గొడుగు వానలో తడిసిపోతుందని పాత గొడుగు వేసుకుని సగం తడుస్తూ వచ్చేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని జాగ్రత్తపరుడు అని మెచ్చుకునేవాళ్ళు. ఏం జాగ్రత్తో!

"పలక జాగ్రత్త అచ్చమ్మా, దొరల సొమ్ము. పగిలితే మళ్ళీ రాదు," అనేవాడు వచ్చినప్పుడల్లా.

"పగలడానికి నేను గునపంతో తుడుస్తున్నానాండీ? గుడ్డే కదండీ," అనేది అచ్చమ్మ.

అలా కాపు వచ్చింది, పోయింది. ఎండాకాలంలో సొన కారిన పెట్టెల మీద ముసిరిన ఈగలు పలక మీదా ముసిరాయి. వానాకాలంలో పాకుడు పట్టింది. చలి దిగి పూత మొదలయ్యేసరికి తేనెమంచు పురుగు వచ్చిపడింది. అది వదిలే జిగురు ఆకుల మీదా, గాలి వాటుకి బండి మీదా పడి, నల్లగా మసి కట్టేది. గుడ్డ అంటుకుపోయి కర్ర కదిలేది కాదు. చేతికి తగిలితే నాలుగుసార్లు సబ్బుతో కడిగినా బంక వదలదు. అయినా కుంకుడుకాయ రసం కలిపి మరీ తుడిచింది. ఒక్కోసారి తడిగుడ్డ పైన సర్రుమని జారుతుంటే, ఇంకో మచ్చ పోయింది, నా కంట్లో పొర ఇంకో రవ్వ పల్చబడింది అనిపించేది. నవ్వుకునేది కూడా. ఆ ఒక్కదానికి మాత్రం ఆమెకి రోత లేదు.

జనవరి ఆఖర్లో క్యాంపు వచ్చింది. బాపులపాడు నుంచీ, జి. కొండూరు నుంచీ కూడా జనం దిగారు. నలభై మంది దాకా ఉంటారు, అందరూ పెద్దవాళ్ళే, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని షెడ్డులో చాపల మీద కూర్చున్నారు. అచ్చమ్మ తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందు కూర్చుంది. మొదటి పేరు ఆమెదే.

డాక్టరమ్మ బండిలోకి వెళ్ళి, "ఇన్నయ్యా, ముందు బ్యాటరీ మీద దీపం వెయ్యి, చూద్దాం," అంది.

ఇన్నయ్య మీట నొక్కాడు. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. బండి కిందికి దూరి బ్యాటరీ పెట్టె తెరిచాడు. కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులా పొంగి ఉంది. బ్యాటరీలో బలమెంతుందో చూసే గాజు బుడ్డి ముంచి నీళ్ళు లాగి చూస్తే అందులో తేలవలసిన గొట్టం అడుక్కి పోయి కూర్చుంది.

"చచ్చిపోయినై అమ్మగారూ. ఇప్పుడు కాదు, ఎప్పుడో పోయినై. నెలల తరబడి వీటికి చుక్క కరెంటు అందలేదు," అన్నాడు పైకి వచ్చి.

"జీపు బ్యాటరీ పెట్టలేమా?"

"దీపం రెండు బ్యాటరీల మీద నడిచేది. జీపుది ఒక్కటే, సరిపోదండీ. కొత్తవి రెండూ బెజవాడ నుంచి రావాల్సిందే."

షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. అంతలో భానుమూర్తిగారు చేతిలో పొడుం డబ్బీతో ముందుకొచ్చి, "పలక తుడిచే పని అచ్చమ్మకి అప్పగించామండీ. రోజూ తుడుస్తూనే ఉందనుకున్నాం మరి," అన్నాడు.

అంతే, చాపల మీద ఉన్న జనం మొహాలన్నీ ఆమె వైపు తిరిగాయి. "గుడ్డిదానికి తుడవడం అప్పగిస్తే ఇంతే," అంది ఒకావిడ. ఆవిడకీ రెండు కళ్ళూ కనపడవు. "ఏం తుడిచిందో, ఎక్కడ తుడిచిందో. మన కళ్ళల్లో మట్టి కొట్టింది," అన్నాడింకో ముసలాయన.

అచ్చమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరే ఆ కూసింది? నా ఈ రెండు చేతులూ వాసన చూడండి! పిట్టల రెట్ట, గబ్బిలాల ఎంగిలి, పురుగు బంక, ఏడాది పాటు ఎత్తిపోశాను. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే కంపు కొట్టేది. ఒరే ఇన్నయ్యా, నువ్వు పైకెక్కి చూడరా. పలక మీద ఈగ గుడ్డంత మచ్చ ఉన్నా నన్ను చెప్పుచ్చుక్కొట్టు."

ఇన్నయ్య నిచ్చెన వేసుకుని ఎక్కాడు. పలక మీద అరచెయ్యి రాసి చూశాడు. తర్వాత వేలు మడిచి పలక మీద కొట్టాడు. డబ్‌మని నూనె డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

"అత్తా, అద్దంలా ఉంది. మచ్చ లేదు," అన్నాడు. "కానీ ఇది పలక కాదు. రేకు. నీలం రంగేసిన రేకు."

ఎవడో దొంగ వెధవ పలక ఎత్తుకుపోయి రేకు పెట్టాడనుకుంది అచ్చమ్మ. దొంగని తిట్టడానికి నోరు తెరిచింది కూడా. అంతలో భానుమూర్తిగారు నవ్వాడు. తప్పు చేసినవాడి నవ్వు కాదు. పెళ్ళివారికి దాచిన నగ చూపించబోయే మనిషి నవ్వు.

"కంగారు పడకండి, కంగారు పడకండి. పలక ఎక్కడికీ పోలేదు. భద్రంగా ఉంది," అంటూ గదిలోకి వెళ్ళాడు. బీరువా తాళం తీసిన చప్పుడైంది. రెండు చేతుల మీదా పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. పైన పాత పట్టుపంచె చుట్టి ఉంది. పంచె విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. పలక మూల కుంకుమ బొట్టు కూడా పెట్టాడు.

"చూడండి డాక్టరుగారూ, ఒక్క గీత లేదు. పోయిన రథసప్తమికి ఈ అచ్చమ్మ ఆగిరిపల్లి తిరునాళ్ళకి వెళ్ళిన రోజు విప్పించాను. అంత ఖరీదైన వస్తువుని ఎండకీ వానకీ వదిలేస్తారుటండీ? ఎండకి ఏ వస్తువైనా వెలిసిపోతుంది. వడగళ్ళు పడితే? కోతులు ఎక్కితే? బోల్టుల కన్నాల్లోంచి వాన కారుతుందని దాని కొలతకే రేకు కొట్టించాను. చూసేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉండకుండా రంగు కూడా వేయించాను, నా సొంత డబ్బుతో."

డాక్టరమ్మ స్టూలు మీద కూలబడింది. "మూర్తిగారూ, అది ఎండలో ఉండాలి. ఎండలో ఉండడమే దాని పని," అంది మెల్లగా.

"నిజమేననుకోండి. క్యాంపు ముందు రోజు బిగిద్దామనే అనుకున్నాను. నిన్న మా ఇంట్లో తద్దినం వచ్చి కుదరలేదు."

పదకొండు నెలలు పస్తు పెట్టి, చచ్చే రోజు పీట వేసి విస్తరి పరుస్తానంటున్నాడు ఈ మహానుభావుడు. దాచి దాచి దయ్యాల పాలు చేయడమంటే ఇదే.

అచ్చమ్మ లేచి నిలబడింది. కోపం ఎటు పోయిందో పోయింది. ఒకటే ఒకటి అడగాలనుంది.

"పంతులుగారూ, విప్పించారు సరే. నాకెందుకు చెప్పలేదండీ? ఆ రేకుని నా చేత ఎందుకు తుడిపించారు?"

ఆయన పొడుం వేళ్ళు కట్టుకున్న పంచెకి తుడుచుకుంటూ, "పని లేదంటే నువ్వు బాధపడతావని అచ్చమ్మా. పైగా ఊరంతా చాటుతావు. అయినా నీకు తేడా తెలియదు కదా, తుడుస్తున్నానన్న తృప్తి ఉంటుంది కదా అని," అన్నాడు. ఎంతో దయగా అన్నాడు.

ఆ దయ చూసేసరికి అచ్చమ్మకి డోకొచ్చింది. నిజంగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నెలకోసారి వచ్చేవాడే! ఆమె పెట్టె మీద నిలబడి, మెడలు లాగేలా తలెత్తి, తేనెమంచు బంక గీకుతుంటే ఈయన కింద నిలబడి చూసేవాడే! చూస్తూ, పొడుం పీలుస్తూ, పలక జాగ్రత్త అనేవాడే! గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత అనుకున్నాడు. గోరింకలకి తెలియక రెట్ట వేశాయి. ఈయన తెలిసి వేశాడు. ఏడాది పొడుగునా ఆమె తిట్టిన పిట్టలన్నీ ఈయన ముందు మడికట్టుకున్నట్టు లెక్క. ఆ పట్టుపంచె, ఆ కుంకుమ, ఆ కలరా ఉండలు, అన్నీ కలిసి ఆమె ముక్కుకి ఎప్పుడూ ఎరగని కంపు కొట్టాయి.

డాక్టరమ్మ జనానికి చెప్పింది. దీపం మీద నమ్మకం లేకుండా కన్ను కొయ్యనని, రేపు చింతలపూడిలో క్యాంపు ఉందని, అక్కడ జనరేటరుందని, రాగలిగినవాళ్ళు బస్సెక్కి రమ్మని చెప్పింది. చాపల మీద నుంచి ఏడుపులు, తిట్లు లేచాయి. సగం మందికి చింతలపూడి దాకా తీసుకెళ్ళే దిక్కు లేదు. తర్వాత ఆమె అచ్చమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తి, కంట్లో టార్చి వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగా ముదిరిపోయింది పెద్దమ్మా. ఇంక ఆగకూడదు. ఆగితే లోపలే పగిలి కన్నే పోతుంది. నువ్వు నాతో జీపులో వచ్చెయ్యి. ఒక్క చోటే ఉంది, అది నీది," అంది. భానుమూర్తిగారి వైపు తిరిగి, "ఆ పలక ఇవాళే పైన బిగించండి. కొత్త బ్యాటరీలు వారంలో పంపిస్తాను," అని చెప్పింది. ఆయన తల ఊపాడు.

అచ్చమ్మ గుడిసెకి పోయి ఇంకో చీర, గ్లాసు, దుప్పటి మూట కట్టుకుని వచ్చేసరికి, ముందు డాక్టరమ్మ, నర్సు ఎక్కి కూర్చున్నారు. వెనక మందుల పెట్టెల మధ్య ఖాళీగా ఉండాల్సిన చోట చెయ్యి పెడితే పట్టుపంచె తగిలింది.

"అదా? పలక," అన్నాడు భానుమూర్తిగారు పక్క నుంచి. "ఇక్కడుంటే నా చేతిలో పాడైందంటారు. బెజవాడలో సంఘం పెద్దలకి అప్పగించేస్తే నాకు మాట రాదు. బస్సులో వేస్తే పగిలిపోతుంది డాక్టరుగారూ, కుదుపులకి ఆగదు. అచ్చమ్మదేముంది, బస్సులో వస్తుంది. రెండు బస్సులు మారితే చాలు."

డాక్టరమ్మ వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. అచ్చమ్మ ఆగలేదు. మూట కింద పెట్టి, పంచె లాగి అవతల పారేసి, పలకని రెండు చేతులా ఎత్తింది. బీరువాలోంచి వచ్చింది గనక చల్లగా ఉంది. నున్నటి గాజు. ఏడాది నుంచీ ఆమె కాపలా కాశాననుకున్న వస్తువు ఆమె చేతికి తగలడం అదే మొదటిసారి. బరువు కూడా పెద్దగా లేదు. దాన్ని తీసుకెళ్ళి ఆయన గుండెల మీదికి నెట్టింది. పడిపోతుందన్న భయంతో ఆయన రెండు చేతులా వాటేసుకున్నాడు.

"పట్టుకోండి పంతులుగారూ. డాక్టరమ్మగారు చెప్పారుగా, బిగించండి. ఈసారి తుడిచేదీ మీరే. నేను రాను," అంది. మూట తీసుకుని జీపెక్కి, ఆ చోట బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పోనివ్వు ఇన్నయ్యా," అంది డాక్టరమ్మ.

జీపు కదిలింది. తోట గేటు దగ్గర గుంటలో పడి లేచింది. మిట్టమధ్యాహ్నం ఎండ మొహాన వేడిగా కొడుతోంది. అచ్చమ్మ వెనక్కి తిరిగింది గానీ ఆమెకి తెల్లటి వెలుతురు తప్ప ఏమీ ఆనలేదు.

"ఒరే ఇన్నయ్యా, ఏం చేస్తున్నాడ్రా ఆయన? నిచ్చెనెక్కుతున్నాడా?"

ఇన్నయ్య అద్దంలోకి చూశాడు. చూసి గేరు మార్చాడు.

"చెప్పరా అబ్బాయ్."

"లేదత్తా. పంచె ఏరుకున్నాడు, దులిపి పలక మీద కప్పాడు," అన్నాడు. "ఎండ తగలకుండా చెట్టు నీడలోకి మోసుకుపోతున్నాడు."

అచ్చమ్మ జీపు అంచు తడుముకుని, తల బయటికి పెట్టి, నోట్లో ఉన్నదంతా కూడదీసుకుని థూ అని ఉమ్మింది.